ధూమం లేని పర్వతం

తర్కశాస్త్రాన్ని అభ్యసించబూనిన వారికి మొదటి పాఠాలలోనే ఒక పర్వతం ఎదురవుతుంది. దూరాన ఉన్న ఆ పర్వతం మీద ధూమం కనిపిస్తుంది. చూచినవాడు కంటికి కనబడని అగ్నిని అనుమానిస్తాడు. వంటశాలలో ధూమాగ్నుల సాహచర్యాన్ని పలుమార్లు చూచి ఉన్నందువల్ల, ధూమమున్న చోట అగ్ని ఉంటుందన్న వ్యాప్తిజ్ఞానం అతనికి ముందే కలిగి ఉంటుంది. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహాన్ని, రాజమహేంద్రవరంలో కళాశాల చదువు నాటి రోజులలో, ఒక సంస్కృతోపన్యాసకుల వద్ద కొంతవరకు చదువుకొన్నాను. పరీక్ష కోసం కాదు. సాయంకాలం వేళ వారింటి అరుగు మీద. ఆనాడు ఆ పర్వతం నాకు ఏ ఊరి పర్వతంగానూ తోచలేదు. శాస్త్రంలోని పర్వతం శాస్త్రంలోనే ఉంటుందనుకొన్నాను.

నలభై ఏడేళ్ళ వయస్సులో, న్యూ మెక్సికో రాష్ట్రపు ఈశాన్య మూలలో, ఒక రహదారి అంచున కదలని వాహనంతో నిలబడినప్పుడు అది నా ఎదుట ఉన్నది. దాని పేరు కపూలిన్. సుమారు 60,000 సంవత్సరాల క్రితం అగ్నిని వెళ్ళగ్రక్కి, పిమ్మట చల్లారిపోయిన అగ్నిపర్వతం. ఎటు చూచినా గడ్డి మైదానం. నడుమ బోర్లించిన దాకలాగా ఆ కొండ. దాని మీద ధూమం లేదు. నా వాహనం ముందు భాగంలోనూ ధూమం లేదు. లోపలి అగ్ని మాత్రం ఆరిపోయింది.

మేము టెక్సాస్‌లో డాలస్ నగర పరిసరాలలో నివసిస్తాము. ఆ ప్రాంతంలో నావంటి కంప్యూటరు ఉద్యోగి డీజిల్ పికప్ ట్రక్కు కొనడం మిత్రులకు హాస్యాస్పదంగానే తోచింది. కార్యాలయానికి వెళ్ళడానికి అంత బండి ఎందుకని అడిగేవారు. సెలవులలో ఇరవై ఆరు అడుగుల ట్రెయిలరును లాగుకొని పర్వతప్రాంతాలకు వెళ్ళడానికని చెప్పేవాణ్ణి. అది నిజమే గాని పూర్తి నిజం కాదు. నాన్నగారు ముప్పై ఒక్క సంవత్సరాలు లారీ నడిపారు. సొంత లారీ కాదు. తాడేపల్లిగూడెంలో ఒక యజమాని వద్ద. బియ్యం ఎత్తుకొని కలకత్తా వరకు వెళ్ళి, పది పన్నెండు రోజులకు తిరిగి వచ్చేవారు. తెల్లవారుజామున వీధి చివర ఆ ఇంజను ధ్వని వినబడగానే అమ్మ లేచి పొయ్యి వెలిగించేది. డీజిల్ ఇంజను ధ్వనిలో నాకు గృహప్రవేశం వంటిదేదో ఉన్నది. కొన్నది ఆ ధ్వనిని.

గత జూన్‌లో నాన్నగారు మా వద్దకు వచ్చి ఉన్నారు. ఆయనకు డెబ్బై నాలుగేళ్ళు. అమ్మ గతించిన తరువాత ఇది మొదటి రాక. జీవితంలో మంచు చూడలేదనీ, ఒక్కమారు చూస్తే చాలుననీ అన్నారు. కొలరాడో పర్వతాలకు ప్రయాణం కట్టాము. నేను, నా సహధర్మచారిణి, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి, ముందు ఆసనంలో నాన్నగారు.

టెక్సాస్ వాయవ్యభాగాన డాల్‌హార్ట్ అనే ఊరిలో డీజిల్ పోయించవలసి వచ్చింది. పోయించడం మన దేశపు మాట. అక్కడ ఎవరికి వారే పోసికోవాలి. ఆ ఊరి చుట్టూ పశువులను బలిపించే పెద్ద పెద్ద ఆవరణలు ఉన్నాయి. గాలి అటు తిరిగినప్పుడు మరి ఏ వాసనా ముక్కుకు అందదు. ఈ వివరం నిష్ప్రయోజనంగా కనబడవచ్చు. తరువాత దీన్నే నేను నా వాదానికి సాక్ష్యంగా వాడుకొన్నాను.

“ఒరేయ్, ఒక్కసారి నేను పోస్తాను. ఇటియ్యి” అన్నారు నాన్నగారు.

ముప్పై ఒక్క ఏళ్ళు డీజిల్ మీద బ్రతికిన మనిషికి ఆ కోరిక సహజమే. నేను యంత్రంలో కార్డు పెట్టి, “ఆకుపచ్చ పిడి ఉన్నది తీయండి, అదే డీజిల్” అని చెప్పి, అమ్మాయికి ఏదో కొనడానికి లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఆయన మూత బిగించి, చేతులు తుడుచుకొంటున్నారు. ముఖంలో ఎంతో తృప్తి.

టెక్స్‌లైన్ వద్ద రాష్ట్రం దాటాము. గడియారాలు గంట వెనక్కి జరిగాయి. క్లేటన్ దాటిన తరువాత దాదాపు గంటసేపు ఏ దోషమూ లేదు. దారి మెల్లగా ఎగువకు సాగుతున్నది. గంటకు అరవై మైళ్ళ వేగంలో ఉండగా ముందున్న ఫలకం మీద ఇంజను శక్తి తగ్గించబడినదని ఒక వాక్యం వెలిగింది. దాన్ని పూర్తిగా చదివేలోపలే ఇంజను ఆగిపోయింది. చప్పుడు లేదు, కుదుపు లేదు, పొగ లేదు. ఇంజను ఆగినప్పుడు మొదట తెలిసేది నిశ్శబ్దమే. చక్రాల రొద, గాలి రొద ఉన్నా, ఆ రొదల క్రింద ఇంతవరకు ఉన్నదేదో లేకుండా పోయిందని శరీరానికి తెలుస్తుంది.

మరుక్షణం స్టీరింగు రాయిలాగా బిగిసింది. ఇటువంటి బండ్లలో స్టీరింగుకూ బ్రేకులకూ బలాన్నిచ్చేది ఇంజను త్రిప్పే ఒక ద్రవపీడన పంపు. ఇంజను ఆగితే బ్రేకుకు రెండు మూడు తొక్కుళ్ళకు సరిపడే పీడనం మాత్రమే నిలువ ఉంటుంది. వెనుక ఏడు వేల పౌన్ల ట్రెయిలరు. నా పాదం బ్రేకు మీద తడబడి ఒకమారు తొక్కి వదిలింది.

“వదిలి వదిలి తొక్కకు. ఒక్కసారే ఒత్తి పట్టు. బరువు తోస్తుంది, మెల్లగా పక్కకు రా” అన్నారు నాన్నగారు. కేక వేయలేదు. దారి అడిగిన వానికి చెప్పినట్లు చెప్పారు. ఆయన లారీలోని గాలి బ్రేకులూ అంతే. ఊరికే తొక్కి వదిలితే ట్యాంకులోని గాలి అయిపోతుంది. యంత్రం వేరు, దేశం వేరు, సూత్రం ఒక్కటే. ట్రెయిలరు బ్రేకులు విద్యుత్తుతో పనిచేస్తాయి, బ్యాటరీ ఉన్నంతవరకు వాటికి లోపం లేదు. వాటిని విడిగా పట్టే చిన్న మీట నా మోకాలి వద్ద ఉన్నది. వెనుకది ముందు పట్టుకొంటే వరుస తప్పదు. ముందుది ముందు పట్టుకొంటే వెనుకది నెట్టుకొని వచ్చి బండిని అడ్డం త్రిప్పుతుంది. ఆ మీటను లాగి, బ్రేకును ఒత్తి పట్టి, కంకర అంచు మీదికి తెచ్చి ఆపగలిగాను. వెనుక అమ్మాయి “తాతయ్యా, వచ్చేశామా?” అని అడిగింది.

ముందు మూత ఎత్తాము. నాన్నగారు లోపలికి వంగి చాలాసేపు చూచారు. ఆయన ఎరిగిన ఇంజనులో ఇంధనపంపు బయటికి కనబడుతుంది. దాని ప్రక్కన చేతితో కొట్టే చిన్న పంపు ఉంటుంది. గొట్టాలలో గాలి చేరితే ఒక మర వదులుచేసి, బుడగలు పోయి శుద్ధమైన డీజిల్ వచ్చేదాకా కొట్టి, మర బిగిస్తే ఇంజను లేస్తుంది. నడిరాత్రి అడవిలో, టార్చిలైటును నోట కరచుకొని ఎన్నిసార్లు ఆ పని చేశారో! ఇక్కడ అంతా నల్లని ప్లాస్టిక్ కప్పులు. వాటి సందులోనుంచి ఒక సన్నని ఉక్కు గొట్టం కనబడింది. “ఎయిర్ పట్టిందేమోరా. ఈ నట్టు కొంచెం వదులు చేస్తే...” అని చేయి చాపారు.

“ముట్టుకోకండి నాన్నా!” అన్నాను.

కారణం లేకపోలేదు. ఈ కాలపు ఇంజనులలో ఆ గొట్టంలోని డీజిల్ పీడనం వాయుమండల పీడనానికి సుమారు 2,000 రెట్లు ఉంటుంది. పీడనం పూర్తిగా పోకుండా నట్టు వదులైతే సూదివంటి ఆ ధార చర్మాన్ని చీల్చి లోనికి పోగలదు. అది చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. నా స్వరంలో ఉన్నది ఆ హెచ్చరిక ఒక్కటే కాదు. బండి ఆగిన రెండవ నిమిషంలోనే ఒక ఆలోచన నాలో చేరిపోయింది. ఈ ట్యాంకులో చివరిసారి ఇంధనం పోసినది ఎవరు?

ఆయన చేయి వెనక్కి తీసికొన్నారు. మరి మూత వద్దకు రాలేదు. రోడ్డు ప్రక్క తీగకంచె దగ్గరకు వెళ్ళి నిలబడి ఆ కొండను చూస్తూ ఉండిపోయారు.

ఇక్కడ డీజిల్ ఇంజను స్వభావాన్ని కొంత చెప్పవలసి ఉన్నది. పెట్రోలు ఇంజనులో అగ్నిని పుట్టించడానికి విద్యుత్ స్ఫులింగం కావాలి. 1897లో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ సఫలంగా నడిపి చూపిన ఇంజనులో నిప్పురవ్వ అన్నదే లేదు. గాలిని దాని పరిమాణంలో సుమారు పదహారవ వంతుకు అదిమితే, ఆ అదుముడుకే అది ఐదు వందల సెల్సియస్ డిగ్రీలు దాటి కాగుతుంది. ఆ వేడిగాలిలోనికి ఇంధనాన్ని చిమ్మితే తనంతట తానే అంటుకొంటుంది. అరణిలో అగ్ని నిగూఢంగా ఉన్నదని మన పెద్దలు చెప్పినదానికి ఇంతకంటె దగ్గరి యంత్రం నాకు తెలియదు. పెట్రోలు గుణం దీనికి విరుద్ధం. అదుముడుకు అంత సులభంగా అంటుకోకపోవడమే దానికి గొప్ప. పైగా దానికి డీజిల్‌కున్న జిడ్డు లేదు. డీజిల్ బండిలో పెట్రోలు పోస్తే ఇంజను సరిగా నడవదు సరికదా, జిడ్డు మీద ఆధారపడిన పంపు కూడా చెడుతుంది.

ఇదంతా ఎరిగినవాణ్ణి గనుకనే నా అనుమానం అంత త్వరగా బలపడింది. ఆకుపచ్చ పిడి డీజిల్‌దని చెప్పాను. కాని కొన్ని బంకులలో పెట్రోలు పిడి కూడా ఆకుపచ్చదే. డాల్‌హార్ట్‌లో ఏది ఏ రంగులో ఉన్నదో నేను చూడలేదు. ఆయనకు ఆంగ్లం అంతగా రాదు. పశువుల వాసనలో పెట్రోలు వాసన తెలిసి ఉండదు. చూచారా, ఎంత చక్కగా అమరిపోయిందో! సంస్కృతంలో అనుమానమంటే హేతువును బట్టి సాధ్యాన్ని తెలిసికోవడం. అదే మాటకు మన ఇళ్ళలో శంక అనీ, నమ్మకం లేకపోవడమనీ అర్థం. ఒకే పదానికి ఈ రెండు అర్థాలు ఎలా వచ్చాయో భాషావేత్తలు చెప్పాలి. రెంటికీ మధ్య దూరం ఎంత తక్కువో నాకు ఆనాడు తెలిసింది.

మూడు గంటల తరువాత లాగుడుబండి వచ్చింది. ఆ నడుమ ఒక పశుపాలకుడు ఆగి, మంచినీళ్ళు ఇచ్చి, మా ట్రెయిలరును తన పాత బండికి తగిలించుకొని దగ్గరి గ్రామం దాకా లాగి పెట్టాడు. డబ్బు ఇవ్వబోతే టోపీ సర్దుకొని వెళ్ళిపోయాడు. ట్రక్కు ప్యూబ్లో నగరంలోని ఒక మరమ్మతుశాలకు చేరింది. ట్రెయిలరును, అందులో మమ్మల్ని, రేటన్ అనే చిన్న ఊరిలోని ఒక విడిదిస్థలానికి చేర్చారు. పదకొండు రోజులు నలుగురం ఆ ట్రెయిలరులో ఉన్నాము. దాని గోడలు రెండు అంగుళాల మందం.

రెండవనాడు మరమ్మతుశాల ఉద్యోగి ఫోన్ చేసి, ఇంధనవ్యవస్థ అంతా మార్చవలసి ఉండవచ్చుననీ, పదకొండు వేల డాలర్లు దాటుతుందనీ చెప్పాడు. ఇంజను హామీ గడువు అంతకు ముందు సంవత్సరమే ముగిసింది. అతడు ఇంకొక మాట కూడా అన్నాడు: ఎవరైనా పొరపాటున పెట్రోలు పోసి ఉంటే అది ఆకస్మిక ఘటన కనుక కొన్ని బీమా ఒప్పందాలు పరిహారమిస్తాయి, భాగం అరిగి చెడితే ఇవ్వవు, ఒకమారు విచారించుకో.

ఆ సాయంకాలం ట్రెయిలరు వెలుపల నిలబడి బీమా సంస్థకు ఫోన్ చేశాను. చివరిసారి ఇంధనం పోసినది నా తండ్రి అనీ, ఈ దేశపు బంకులు ఆయనకు పరిచితం కావనీ, పొరపాటు జరిగి ఉండవచ్చుననీ చెప్పాను. ‘ఉండవచ్చు’ అన్నాను గనుక అసత్యం కాదని నాకు నేను చెప్పుకొన్నాను. వారు అభ్యర్థనకు ఒక సంఖ్య ఇచ్చారు. లోపలికి వచ్చేసరికి నాన్నగారు అమ్మాయి ప్రక్కన కూర్చొని పేకముక్కలతో ఇల్లు కడుతున్నారు. ఆయనకు ఆంగ్లం అంతగా రాదన్నాను. ‘మై ఫాదర్’ అన్న రెండు మాటలు రావడానికి ఎంత ఆంగ్లం కావాలి?

రాత్రి అందరూ పడుకొన్న తరువాత నన్ను పిలిచారు.

“డబ్బులు చాలా అవుతాయా?”

“అవుతాయి నాన్నా.”

“నేను పెట్రోలు పోశానంటే వాళ్ళు ఇస్తారా?”

“ఇవ్వవచ్చునంటున్నారు.”

“అయితే పోశానని చెప్పు. ముసలాడు, తెలీక పోశాడని చెప్పు. నాకేం పోతుంది?”

నేను సిగ్గుపడవలసినది ఇక్కడ. ఆ క్షణంలో నాలో కలిగినది కృతజ్ఞత కాదు, ఉపశమనం. ఒప్పుకొన్నారని అనుకొన్నాను. “అంటే... పోశారా నాన్నా?” అని అడిగాను.

చీకటిలో కొంతసేపు మాట్లాడలేదు. “పోశానని చెప్పమన్నాను. పోశానన్లేదు” అన్నారు. అటు తిరిగి పడుకొన్నారు.

మరునాడు ఉదయం టీ త్రాగుతూ, ఏదో ఇతరుల బండి సంగతి చెబుతున్నట్లుగా అన్నారు: “ట్యాంకు ముప్పై ఆరు గ్యాలన్లన్నావు. నేను పోసింది ఇరవై నాలుగు. మూడొంతుల్లో రెండొంతులు పెట్రోలే అయితే, ఇంత బరువు కట్టుకుని నూరు మైళ్ళు వస్తుందా? ఊరు దాటకముందే దగ్గుతుంది.” ఇది నిర్దుష్టమైన తర్కం. నేను ఇరవై ఐదేళ్ళ క్రితం అరుగు మీద నేర్చుకొన్న తర్కం కంటె మేలైనది. అయినా నా మనస్సు దానికి సమాధానాలు వెదికింది. కొత్త ఇంజనులు వేరేమో, కంప్యూటరు సర్దుకొన్నదేమో అనుకొన్నాను. ఒక నిర్ణయానికి వచ్చిన మనస్సుకు హేతువుల కొరత ఎన్నడూ ఉండదు.

నాలుగవనాడు అద్దెకు తీసికొన్న చిన్న కారులో నేనూ నాన్నగారూ రేటన్ కనుమ దాటి ప్యూబ్లో వెళ్ళాము. ఆయనను రమ్మని నేను అడగలేదు. వచ్చి కారులో కూర్చొన్నారు. మరమ్మతుశాలలో మెకానిక్కు యాభై దాటిన మనిషి. మాట తక్కువ. ట్యాంకు నుండి తీసిన ఇంధనాన్ని ఒక గాజు సీసాలో పోసి మా ఎదుట పెట్టాడు. సాంద్రత కొలిచి చూచాననీ, ఇది డీజిలే ననీ, పెట్రోలు గాని నీరు గాని ఇందులో కలవలేదనీ చెప్పాడు. నాన్నగారికి నేను అనువదించనక్కరలేకపోయింది. ఆయన అప్పటికే సీసా మూత తీసి వాసన చూచి మళ్ళీ పెట్టేశారు.

మెకానిక్కు రెండవ సీసా తెచ్చాడు. అది పంపు వద్ద తీసినది. దాన్ని వెలుతురుకు ఎత్తి వంచాడు. వెండి పొడి కలిపినట్లు ఆ డీజిల్ అంతా మెరిసింది. నాన్నగారు సీసాను చేతిలోనికి తీసికొని అటూ ఇటూ వంచి చూచారు. “పంపు తనను తానే తినేసింది” అన్నారు తెలుగులో. మెకానిక్కు తల ఊపాడు. ఏమి అర్థమై తల ఊపాడో!

తరువాత వారిద్దరూ బల్ల మీద విప్పి ఉన్న పంపు మీదికి వంగారు. అందులో ఒక ఇరుసు మీది గుబ్బ తిరుగుతూ ఒక చిన్న ఉక్కు దొర్లుడును పైకి నెడుతుంది. ఆ దొర్లుడు గుబ్బ మీద దొర్లాలి. దాన్ని పట్టి ఉంచే భాగం తన స్థానంలో కాస్త ప్రక్కకు తిరిగితే అది దొర్లడం మాని ఒరుసుకుపోతుంది. ఉక్కు ఉక్కును చెక్కుతుంది. ఆ చెక్కుడు పొడి డీజిల్‌తో పాటు గొట్టాలలోకి, ఇంజెక్టర్లలోకి, తిరుగుదారిలో ట్యాంకులోకి కూడా పోతుంది. అందుచేతనే ఒక్క పంపు మారిస్తే చాలదు. మెకానిక్కు గుబ్బ మీది గీతను వ్రేలితో చూపాడు. నాన్నగారు ఆ గీత మీద గోరు పెట్టి లాగి, లోతు చూచి, నాలుక చప్పరించారు. తరువాత డీజిల్ సీసాను చూపి, పంపును చూపి, వ్రేళ్ళు రెండూ రాసి, కనుబొమలు ఎత్తారు. దీనికి నూనె ఏది, డీజిలేనా అని ప్రశ్న. మెకానిక్కు అవునన్నట్లు సీసా మీద తట్టాడు. నాన్నగారు నా వైపు తిరిగి, “మా పంపుకు విడిగా ఇంజనాయిలు ఉండేదిరా. దీనికి డీజిలే నూనె. డీజిల్ పలచనైతే దీని గతి ఇంతే” అన్నారు.

అమెరికాలో 2006 నుండి రహదారి డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాలకు 15 మించకూడదన్న నియమం అమలులోకి వచ్చింది. అంతకు పూర్వం 500 వరకు ఉండేది. గాలికి ఇది మేలు, సందేహం లేదు. కాని గంధకాన్ని తీసివేసే శుద్ధిప్రక్రియలో సహజమైన జిడ్డునిచ్చే పదార్థాలు కూడా పోతాయి. వాటి లోపాన్ని పూరించడానికి వేరే ద్రవ్యాలు కలుపుతారు. కలిపినది ఎంత, పంపు కోరినది ఎంత అన్నదే ప్రశ్న. ఈ రకం పంపులు ఇట్లు చెడడం తనకు కొత్త కాదని మెకానిక్కు చెప్పాడు. ఎవరి దోషమూ కాకపోవచ్చుననీ అన్నాడు. ‘ఎవరి’ అన్నప్పుడు నాన్నగారిని చూడలేదు, నన్ను చూచాడు. బీమా అభ్యర్థన సంగతి అతనికి తెలుసు.

అన్నంభట్టు ఉపాధిని గూర్చి చెప్పినది నాకు అక్కడ, ఆ నూనెబల్ల వద్ద జ్ఞాపకానికి వచ్చింది. ధూమాన్ని బట్టి అగ్నిని అనుమానించవచ్చు. అగ్నిని బట్టి ధూమాన్ని అనుమానించరాదు. కాల్చిన ఇనుపగుండులో అగ్ని ఉన్నది, ధూమం లేదు. అగ్నికి తడి ఇంధనం తోడైతేనే ధూమం. ఆ తడి ఇంధనాన్ని లెక్కకు తీసికోకుండా చేసిన అనుమానం దుష్టం. పెట్రోలు పోస్తే పంపు చెడుతుంది, నిజమే. పంపు చెడింది గనుక పెట్రోలు పోశారనడం రెండవ జాతి వాదం. ఆ ఉదాహరణను నేను కంఠస్థం చేశాను. ఇంధనమన్న మాట అందులోనే ఉన్నది! ఇక ఆప్తవాక్యం కూడా ప్రమాణమేనని అదే గ్రంథం చెబుతుంది. యథార్థం పలికేవాడు ఆప్తుడు. అటువంటివాడు నా ప్రక్క ఆసనంలోనే కూర్చొని ఉన్నాడు. నాలుగు రోజులలో నేను అడిగినది ఒక్క ప్రశ్న. అదీ డబ్బు ప్రసక్తి వచ్చిన తరువాత.

మరమ్మతుశాల ఆవరణలో నుంచే బీమా సంస్థకు ఫోన్ చేసి, ఇంధనంలో దోషం లేదనీ, నా అభ్యర్థనను ఉపసంహరించుకొంటున్నాననీ చెప్పాను. ఆ వైపు స్త్రీ, కారణం ఏమని వ్రాసికోమంటారని అడిగింది. నా పొరపాటు అని వ్రాసికోమన్నాను. పదకొండు వేల నాలుగు వందల డాలర్లు. ఇంటి పైకప్పు మార్పించడానికి దాచినవి. నా భార్య ఒక్క మాటా అనలేదు, అన్నీ విన్నది గనుక.

బండి చేతికి వచ్చేసరికి సెలవు అయిపోయింది. పర్వతాల లోనికి వెళ్ళే వ్యవధి లేదు. ప్యూబ్లో నుండి వాయవ్య దిక్కున పైక్స్ శిఖరం కనబడుతున్నది, పై భాగాన తెల్లని చారలతో. “అదేనా మంచు?” అన్నారు నాన్నగారు. అవునన్నాను. “చాల్లే, పద” అన్నారు.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ డాల్‌హార్ట్. అదే బంకు. ఆ బంకులో ఆకుపచ్చ పిడి డీజిల్‌దే, ఈమారు చూచాను. నాన్నగారు బండి దిగి, రెండు చేతులూ వెనక్కి కట్టుకొని దూరంగా నిలబడ్డారు. నేను పిడి తీసి ఆయన వద్దకు తీసికొని వెళ్ళి చేతికి ఇచ్చాను. తీసికొన్నారు. పోశారు. మూత బిగించారు. యంత్రం నుండి వెలువడిన రసీదును చింపి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకొన్నారు. పెట్టుకొనేటప్పుడు ఆ జేబులోనే అట్లే మడిచిన ఇంకొక కాగితం కనబడింది.

అడిగితే ఇచ్చారు. పదమూడు రోజుల నాటిది. బంకు పేరు, తేదీ, డీజిల్ అన్న మాట, 24 చిల్లర గ్యాలన్లు, ధర. అన్నీ అందులో ఉన్నాయి.

“ఇది మీ దగ్గరే ఉందా? ఎందుకు చూపలేదు నాన్నా?”

ఆయన తల ఎత్తి నన్ను చూచారు. కోపం లేదు. నిజంగా ఆశ్చర్యపడ్డారు.

“బిల్లు ఓనరుకు చూపించేవాణ్ణిరా. ముప్పై ఏళ్ళు చూపించాను. నీక్కూడా చూపించాలా?”

అమ్మాయి కిటికీలోనుంచి తాతయ్యా రమ్మని పిలిచింది. ఆయన వెళ్ళి ముందు ఆసనంలో కూర్చొన్నారు. నేను ఆ రసీదును మడిచి నా పర్సులో పెట్టుకొన్నాను. అడిగి పెట్టుకోలేదు, ఆయన తిరిగి అడగనూ లేదు.

ఆగస్టులో ఆయన తాడేపల్లిగూడెం వెళ్ళిపోయారు. కొత్త పంపుకు, చెక్కుడు పొడి పుట్టినా ఇంజెక్టర్లకు పోకుండా ముందే వడకట్టి ట్యాంకుకు మళ్ళించే ఒక ఏర్పాటును మెకానిక్కు అమర్చాడు. డీజిల్ పోసినప్పుడల్లా జిడ్డునిచ్చే ద్రవం ఒక కొలత కలుపుతున్నాను. ప్రతి ఆదివారం ఉదయం ఫోన్ చేస్తాను. అమ్మాయి చదువు, నా ఆరోగ్యం అయిన తరువాత ఆయన అడుగుతారు: “ఫిల్టరు మార్చావా? తీసిన ఫిల్టరు కోసి చూశావా, మెరుపేమైనా ఉందా?” కోసి చూచాననీ, లేదనీ చెబుతాను.